దూబగుంట ఆడవాళ్లు అడిగింది సారా బందు ఒక్కటేనా?

(నెల్లూరు తీరం, మన చరిత్ర – 9వ భాగం)



పోయిన భాగంలో యానాదుల మీద పెట్టిన నేరస్త జాతుల చట్టం గురించి రాశాను. అది చదివి, డిగ్రీ చదువుతున్న ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, మన ఆడవాళ్ల మీద జరిగిన అత్యాచారాల గురించి చాలామంది రాస్తారు. వాటిని ఆపడానికి మనవాళ్లు ఏం చేశారో ఎవరూ రాయరు. మనం ఏమీ చెయ్యలేదా?"

నాలుగు రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ భాగం దానికి జవాబు. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది అల్లూరు పక్క పాళెం. ఊరికి తూర్పున, బకింగ్‌హాం కాలవకి ఇవతల. పాళెంలోకి దారి ఒక్కటే. ఆ దారి మొదట్లో సారా అంగడి ఉండేది. ఊరి నడుమ కాకుండా మా పాళెం మొదట్లోనే ఎందుకు పెట్టారో చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు. నాట్లకి, కోతలకి పోయిన మగవాళ్లు కూలి డబ్బులు తీసుకొని ఇంటికొచ్చే దోవ అది. డబ్బులు ఇల్లు చేరకముందే ఆగాలి కదా.

ఆడవాళ్లకి కూడా ఆ దోవే గతి. ఇళ్లలో మరుగుదొడ్లు లేవు. తెల్లారకముందు ఒకసారి, పొద్దుగూకినాక ఒకసారి చెంబు పట్టుకొని కాలవ గట్టుకి పోవాలి. అంగడి ముందు కూర్చున్నవాళ్లలో పాళెం మగవాళ్లూ ఉండేవాళ్లు, ఊళ్లో రైతుల కొడుకులూ ఉండేవాళ్లు. మాటలు, ఈలలు, టార్చిలైటు వెలుగు ఒంటి మీద వెయ్యడం, కొన్నిసార్లు వెనకాలే రావడం. మా అమ్మ ఎప్పుడూ ఒంటరిగా పోలేదు. ఒక్క పిల్లకి అవసరమొస్తే నలుగురు లేచేవాళ్లు. ఆ నలుగురు కలిసి నడవడమే మా పాళెంలో నాకు తెలిసిన మొదటి రక్షణ ఏర్పాటు. దానికి ఏ చట్టమూ లేదు, ఏ కమిటీ పేరూ లేదు.

ఇక ఇంట్లో సంగతి. "నిన్న కొట్నాడు" అని ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. దెబ్బలు చూపించుకునేవాళ్లు. మిగతాది చెప్పేవాళ్లు కాదు. తాగొచ్చిన మొగుడు రేత్రి ఏం చేశాడో చెప్పడానికి వాళ్ల దగ్గర మాట లేదు. ఉన్నా అది తప్పని చెప్పే చట్టం అప్పుడు లేదు. ఇప్పటికీ పెద్దల విషయంలో భార్య మీద భర్త బలవంతాన్ని మన శిక్షాస్మృతి అత్యాచారం కింద లెక్కపెట్టదు. 2005లో వచ్చిన గృహహింస చట్టం మాత్రం లైంగిక హింసని కూడా గృహహింసే అంది. ఆ పాటి మాట అనడానికి దేశానికి 2005 దాకా పట్టింది.

ఇప్పుడు దూబగుంటకి వద్దాం.

దూబగుంట మా వైపు ఊరు కాదు. కలిగిరి మండలం, మెట్ట ప్రాంతం. 1991 మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. రాత్రిళ్లు దీపం పెట్టి ఊరూరా చదువు చెప్పారు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, ఊళ్లో చదువుకున్న పిల్లకాయలు పాఠాలు చెప్పారు. వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉంది. మొగుడి తాగుడు వల్ల చితికిపోయిన ఇల్లాలి కథ. ఆ పాఠం దగ్గర అక్షరాలు ఆగిపోయి మాటలు మొదలయ్యాయి. ఇది మా కథే కదా అన్నారు ఆడవాళ్లు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో పాటు ఇంకా ఎందరో కలిసి ఊళ్లోకి సారా రానివ్వం అని అడ్డంపడ్డారు. అంగడి మూతపడింది. ఆ పోరాటమే మళ్లీ 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా తర్వాతి వాచకంలోకి ఎక్కింది. ఆ పాఠం చదివిన ఊళ్లలో మళ్లీ అంగళ్లు మూతపడ్డాయి. చదువు పోరాటాన్ని పుట్టిస్తే, పోరాటం తిరిగి పాఠమైంది. మన చరిత్రలో ఇట్లాంటిది అరుదు.

1992 నాటికి జిల్లాలో వందల ఊళ్లకి పాకింది. నెల్లూరులో సారా వేలంపాట వాయిదా మీద వాయిదా పడింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకొని ఆడవాళ్లు కలెక్టరాఫీసు దాకా వచ్చారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించేశారు. ఈ తేదీలు పోటీ పరీక్షల పుస్తకాల్లో దొరుకుతాయి.

ఆ పుస్తకాల్లో దొరకనిది ఒకటుంది. ముందు వరసలో నిలబడినవాళ్లలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల కూలి ఆడవాళ్లు. వాళ్ల పోరాటాన్ని "మద్యం మీద పోరాటం" అని ఒక పెట్టెలో పెట్టి మూతేశారు. ప్రభుత్వ ఆదాయం, కుటుంబ ఖర్చు, ఎన్నికల రాజకీయం ఆ పెట్టె మీద రాశారు. మా అమ్మని అడిగితే ఇంకోటి చెబుతుంది. ఆమె మాట ఉన్నదున్నట్టు రాస్తున్నా: "తాగితే తాగినార్లే మే, వాళ్ల ఒళ్లు వాళ్లది. ఆ దోవన మా పిలకాయలు నడవాల. ఇంట్లో రేత్రి మేం నిద్ర పోవాల. అందుకే పోయినాం."

దోవ, నిద్ర. ఈ రెండు మాటలు పట్టుకొని ఆ ఉద్యమాన్ని మళ్లీ చదవండి. లైంగిక హింస జరిగే చోటుని గుర్తుపట్టి, ఆ చోటునే మార్చెయ్యాలని పేద ఆడవాళ్లు చేసిన పెద్ద ప్రయత్నంగా అది నాకు కనపడుతుంది. తాగుడే హింసకి మూలమని నేను అనడంలేదు. తాగని మగవాళ్లూ చేస్తారు. మూలం కులం, మగాడి అధికారం. సారా అంగడి ఆ రెండూ వచ్చి కూర్చునే అరుగు. ఆడవాళ్లు ఆ అరుగుని తీసేశారు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. "ఆడపిల్లల్ని చీకటి పడ్డాక బయటికి పంపొద్దు" అని వాళ్లు తీర్మానం చెయ్యలేదు. బడి మాన్పించమనలేదు, తొందరగా పెళ్లి చెయ్యమనలేదు. అంగడి తియ్యమన్నారు. మన పాళేల్లో ఇప్పుడు ఏదైనా జరిగితే మొదట వినపడే మాట "ఫోన్ తీసుకోండి, కాలేజీ మాన్పించండి" అని. ముప్పై ఏళ్ల కింద చదువురాని ఆడవాళ్లకి ఉన్న స్పష్టత మనం ఎక్కడ పోగొట్టుకున్నాం?

ఇక రెండో సంగతి, జరిగినాక అండగా ఉండడం. దానికి ఇంకొంచెం వెనక్కి పోవాలి.

మనకి ఉత్తరాన కారంచేడు. 1985 జులై 16. చెరువు దగ్గర మాదిగ పిల్లలు తాగే నీళ్లని కలుషితం చేస్తుంటే కత్తి చంద్రయ్య అడిగాడు. అతన్ని కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డుకుంది. నీళ్లకి పోయిన ఒక ఆడమనిషి ఎదురు తిరగడాన్ని ఆ ఊరి పెత్తందార్లు తట్టుకోలేకపోయారు. మర్నాడు పొద్దున్న ఇళ్ల మీద పడి ఆరుగురిని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాల చేరి అక్కడ శిబిరంలో ఉన్నారు. ఆ శిబిరం దగ్గర్నుంచే దళిత మహాసభ పుట్టింది.

చీరాల శిబిరాన్ని మనం రాజకీయ వేదికగా గుర్తుపెట్టుకున్నాం. బాధితుల వైపు నుంచి చూస్తే అది ఇంకో పని కూడా చేసింది. నేరం చేసినవాళ్ల ఊళ్లోనే ఉండి వాళ్ల మీద సాక్ష్యం చెప్పడం ఎవరివల్లా కాదు. పని వాళ్ల పొలంలో, అప్పు వాళ్ల దగ్గర, నీళ్లు వాళ్ల చెరువులో. శిబిరం ఆ బంధాన్ని తెంపింది. తలదాచుకునే చోటు, తిండి, పక్కన మనుషులు. ఈ మూడూ ఉంటేనే నోట్లోంచి నిజం బయటికొస్తుంది. తర్వాత 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమలైంది. 2015 సవరణలో బాధితులకీ సాక్షులకీ రక్షణ, ప్రయాణ ఖర్చులు, అవసరమైతే వేరే చోట నివాసం హక్కుగా రాశారు. 15ఏ సెక్షన్. చీరాలలో జనం చేతులతో చేసిన పనిని చట్టం 30 ఏళ్ల తర్వాత కాగితం మీద పెట్టింది.

ఇక పోలీస్ స్టేషన్. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో రమీజాబీ మీద పోలీసులే అత్యాచారం చేశారు. రిక్షా తొక్కే ఆమె భర్తని కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల తప్పు తేల్చింది. కేసు రాయచూరుకి బదిలీ అయింది, కోర్టు వాళ్లని వదిలేసింది. మహారాష్ట్రలో మధుర అనే ఆదివాసీ పిల్ల కేసులోనూ అదే జరిగింది. ఆ కోపం వల్లే 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగితే, ఒప్పుకోలేదని ఆమె చెబితే కోర్టు ఆమె మాటే నమ్మాలని వచ్చింది. పని చేసే చోట రక్షణ చట్టమూ అట్లాంటిదే. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీ దేవి మీద 1992లో జరిగిన దాడి, దాని తర్వాత 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు, ఆ తర్వాత 2013 చట్టం. మీరు ఆఫీసుల్లో చూసే ఆ కమిటీ బోర్డు వెనక ఒక కుమ్మరి కులపు ఆడమనిషి ఉంది.

ఇవన్నీ ఉన్నా మన తీరంలో యానాది ఆడమనిషి స్టేషన్ గడప తొక్కడానికి ఎందుకు వణుకుతుందో పోయిన భాగం చదివినవాళ్లకి తెలుసు. ఆ చట్టం 1952లో రద్దయింది. తాతల కాలంలో రోజూ హాజరు వేయించుకున్న చోటుకి మనవరాలు రక్షణ అడగడానికి పోవాలి. ఆ భయాన్ని "అవగాహన లేకపోవడం" అని రాసే ఆఫీసర్లకి చరిత్ర తెలియదు.

సారా అంగడి పోయింది. తర్వాత ఏం వచ్చింది?

90లలోనే తీరం పొడుగునా రొయ్యల గుంటలు వచ్చాయి. కూలి పొలాల నుంచి గుంటల గట్ల మీదికి, రొయ్యల తలలు తీసే షెడ్లలోకి మారింది. గుంట కాపలాకి యానాది కుటుంబాన్ని పెడతారు. ఊరికి దూరంగా ఒక్క గుడిసె, చుట్టూ నీళ్లు. అరిచినా వినేవాళ్లు ఉండరు. అడ్వాన్సు తీసుకున్నందుకు వదిలి పోలేరు. షెడ్లకి పోయే ఆడపిల్లలు తెల్లవారుజామున మేస్త్రి ఆటోలో ఎక్కుతారు. ఎవరికి పని ఇవ్వాలో, ఎవరిని ఇంటి దగ్గర చివర దించాలో మేస్త్రి ఇష్టం. హాస్టళ్లు, ట్యూషన్లు, ఇప్పుడు చేతిలో ఫోన్, ఫోటో పెట్టి బెదిరించేవాళ్లు. సారా అంగడిలాంటి అరుగులు ఇప్పుడు ఇన్నిచోట్ల ఉన్నాయి.

కొన్నేళ్ల కింద ఒక షెడ్డులో పనిచేసే మన పిల్ల విషయంలో నేను పోయాను. ఆమె ఊరు, ఏ సంవత్సరం, ఏ స్టేషన్ అన్నది రాయను. ఎందుకు రాయనో కింద చెబుతాను. చేసింది తీసుకుపోయే మనిషే. ఇంట్లోవాళ్లు మొదట ఆ పిల్లకి తలకి స్నానం చేయించారు, బట్టలు ఉతికేశారు. ప్రేమతోనే చేశారు. సాక్ష్యం కాలవలో కలిసిపోయింది. స్టేషన్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఇద్దరు పెద్దమనుషులు వచ్చి రాజీ మాట ఎత్తారు, లక్ష దగ్గర మొదలుపెట్టారు. మావాళ్లలో కూడా ఒకాయన "పిల్లకి పెళ్లి కావాలి గదా" అన్నాడు. ఆ మాట శత్రువు అంటే ఎదురు చెప్పొచ్చు. మనవాడు అంటే నోరు పడిపోతుంది.

ఆరోజు కేసు నిలబడింది అంటే మా అమ్మతో పాటు వచ్చిన ముగ్గురు పొదుపు గ్రూపు ఆడవాళ్ల వల్ల. వాళ్లు ఏమీ వాదించలేదు. సద్ది మూట తెచ్చుకున్నారు, వరండాలో కూర్చున్నారు. "రాసుకునేదాకా ఈడే ఉంటాం" అన్నారు. మర్చిపోకండి, ఆ పొదుపు గ్రూపులు కూడా సారా పోరాటంలోంచి వచ్చినవే. 1993లో నెల్లూరు జిల్లాలో రోజుకి రూపాయి చొప్పున 'పొదుపు లక్ష్మి' మొదలైంది. సారాకి పోయే రూపాయి ఆడవాళ్ల చేతిలో మిగిలింది. ఆ పిల్లని ఆస్పత్రికి తీసుకుపోవడానికి, కోర్టు వాయిదాలకి బస్సు చార్జీలు ఆ డబ్బులోంచే వచ్చాయి.

కానీ మేం ఒక తప్పు చేశాం. ఫిర్యాదులో ఆ పిల్ల కులం, ఆ మనిషికి ఆమె కులం తెలుసన్న సంగతి రాయించలేదు. దాని విలువ నాకు తర్వాత అర్థమైంది. 2021 ఏప్రిల్ 27న పటాన్ జమాల్ వలీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చదవండి. మన రాష్ట్రం కేసే. చూపు లేని దళిత యువతి, ఇంట్లోనే దాడి, చేసింది ఇంటికి వచ్చిపోయే మనిషి. గొంతు గుర్తుపట్టి చెప్పింది. చూపులేనివాళ్ల సాక్ష్యం తక్కువది కాదని, కులం, ఆడతనం, వైకల్యం మూడూ కలిసి ఆమెని ఎట్లా ఒంటరిని చేశాయో కోర్టు వివరంగా రాసింది. అత్యాచారానికి యావజ్జీవం నిలిపింది. కానీ "కులం కారణంగానే" చేశాడని రుజువు లేదని అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షని కొట్టేసింది. ఆ నేరం జరిగింది 2015 సవరణకి ముందు. ఇప్పుడు మారింది. ఆమె ఎస్సీ, ఎస్టీ అని తెలిసి చేస్తే చాలు. ఆ కుటుంబంతో పరిచయం ఉన్నవాడైతే, కులం తెలుసనే కోర్టు అనుకోవాలి, కాదని వాడే రుజువు చేసుకోవాలి. పల్లెటూళ్లో ఎవరి కులం ఎవరికి తెలియదు? అయినా మొదటి కాగితంలో రాయకపోతే తర్వాత ఎవరూ రాయరు.

మొదటి రోజులు ఎంత ముఖ్యమో వాకపల్లి చెబుతుంది. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలో 11 మంది కోందు ఆదివాసీ ఆడవాళ్లు గ్రేహౌండ్స్ పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. 16 ఏళ్లు నిలబడ్డారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులని వదిలేసింది, దర్యాప్తు సరిగా చెయ్యకపోవడమే కారణమని చెప్పి, ఆ ఆడవాళ్లకి పరిహారం ఇవ్వమంది. పరిహారం ఇవ్వమన్న తీర్పే నేరస్తులెవరో తేల్చలేకపోయింది.

అందుకే విద్యార్థులు, కార్యకర్తలు ఈ కొన్ని సంగతులు నోటికి నేర్చుకోండి.

ఎవరైనా మీకు చెప్పుకుంటే, ముందు నమ్మండి. ఎందుకు పోయావు, ఏం బట్టలు వేసుకున్నావు అని అడగొద్దు. స్నానం చేయించకుండా, బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి ఆస్పత్రికి తీసుకుపోండి. ఎఫ్ఐఆర్ లేకపోయినా ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రి ఏదైనా ఉచితంగా వెంటనే వైద్యం చెయ్యాలి. గర్భం రాకుండా మందు ఎంత తొందరగా వేస్తే అంత మంచిది, 72 గంటలు దాటనివ్వద్దు. రెండు వేళ్ల పరీక్ష చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2013లోనూ, 2022లోనూ చెప్పింది. పరీక్షకి ఆమె ఒప్పుకోవాలి, మీరు కాదు.

మా పరిధి కాదని ఏ స్టేషనూ తిప్పి పంపకూడదు. జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. మహిళా అధికారి రాసుకోవాలి. రాసుకోకపోతే ఆ ఉద్యోగికే శిక్ష ఉంది. మన కేసుల్లో డీఎస్పీ దర్యాప్తు చెయ్యాలి, ముందస్తు విచారణ పేరుతో ఎఫ్ఐఆర్ ఆపకూడదు. అత్యాచారం కేసులో 5 లక్షలు, సామూహికమైతే 8 లక్షల 25 వేలు పరిహారం. సగం వైద్య పరీక్ష నిర్ధారణ తర్వాత, పావు చార్జిషీటుకి, పావు కింది కోర్టు విచారణ ముగిసినాక. ఇది దానం కాదు, రాజీ డబ్బు అంతకన్నా కాదు. పద్దెనిమిది నిండని పిల్లలైతే పోక్సో వస్తుంది. పిల్లని రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు, పోలీసులు యూనిఫాంలో వచ్చి అడగకూడదు. షెడ్డులో పదిమంది కంటే తక్కువ పనిచేసినా, ఇళ్లలో పాచిపనికి పోయినా, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి మూడు నెలల లోపు ఫిర్యాదు చెయ్యొచ్చు. 112, 181, పిల్లలకి 1098.

ఇంకొకటి, మనకే. బాధితురాలి పేరు, ఫోటో, ఊరు, తల్లిదండ్రుల పేర్లు పోస్టుల్లో పెట్టడం నేరం. చనిపోయిన పిల్ల ఫోటోకి "జస్టిస్" అని రాసి తిప్పడం కూడా. కోపంతో చేస్తున్నామని తెలుసు. ఆ ఫోటో పదేళ్ల తర్వాత కూడా ఆ ఇంటిని వెంటాడుతుంది.

తమ్ముళ్లకి ఒక మాట. నలుగురు ఆడవాళ్లు కలిసి నడవడం వాళ్ల తెలివి. వాళ్లకి ఆ అవసరం రాకుండా చెయ్యడం మీ పని. ఆటోలో, హాస్టల్ వరండాలో, మీ స్నేహితుల గ్రూపులో ఒకడు ఫోటో తిప్పుతున్నప్పుడు మీరు మాట్లాడితే సగం పని అక్కడే అయిపోతుంది. మన సంఘాల్లో చేసినవాడు మనవాడైనా ఇదే లెక్క. ఉద్యమం పరువు పేరు చెప్పి ఆడవాళ్ల నోరు మూయించిన సంఘం ఏదీ బాగుపడలేదు.

ఆ చెల్లెలి ప్రశ్నకి నా జవాబు ఇది. మనవాళ్లు చాలా చేశారు. అంగడి తీయించారు, శిబిరం పెట్టారు, రూపాయి కూడబెట్టారు, వరండాలో కూర్చున్నారు. దాన్ని చరిత్ర అని ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం స్టేషన్‌లో ఫిర్యాదు రాసినాక సాక్షిగా సంతకం ఎవరు పెడతారని అడిగారు. వేలిముద్ర కోసం ఇంకు ప్యాడు ముందుకి జరిపాడు కానిస్టేబుల్. మా అమ్మ దాన్ని పక్కకి నెట్టి పెన్ను అడిగింది. 1991లో రాత్రి బడిలో నేర్చుకున్న సంతకం. పేరులో ఒత్తు ఒకటి ఇప్పటికీ తప్పే రాస్తుంది. కోర్టులో అది చెల్లింది.

వచ్చే భాగంలో తలలు తీసే షెడ్లలో కూలి రేట్ల చరిత్ర రాస్తాను.

జై భీమ్.